మేతకడియంలో పడని మొక్కలు

తృణావతీ రాజ్యంలో ఒకప్పుడు అడుగు తీసి అడుగు వేస్తే కాలికింద ముప్పై ఒక్క రకాల మొక్కలు నలిగేవి. ఇది ఆస్థానకవులు చెప్పిన లెక్క కాదు. ఆస్థానకవులు వంగి నేల చూడరు. గొర్రెల వెంట తిరిగే మందవారు ఏడు తరాలుగా మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టి చెప్పిన మాట.

వాళ్ల దగ్గర మేతకడియం అని ఒకటుండేది. ఒక గొర్రె పడుకుంటే పట్టేంత బెత్తపు చుట్టు. తరాలుగా గొర్రెకొవ్వు పూసి పూసి నల్లగా నిగనిగలాడేది. కొత్త నేల మీద మంద దిగే ముందు కడియపోడు, అంటే దాన్ని మోసే మనిషి, వెనుదిరిగి నిలబడి భుజం మీదుగా దాన్ని విసరాలి. చూసి విసరకూడదు. చూస్తే చెయ్యి పచ్చగా ఉన్నచోటికే పోతుంది. పడినచోట చుట్టు లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టాలి. ఎంత గడ్డి అని కాదు, ఎన్ని రకాలు అని. ఏడూ, ఆపైన ఉంటే మంద దిగవచ్చు. మూడుకి తగ్గితే వెనక్కి తిరగాలి. మధ్యలో ఉంటే ఒక్కపూట ఆగి సాగిపోవాలి.

ఆ పచ్చికల వైభవం చెప్పాలంటే చలికాలం మంచు కరిగిన వారానికి చూడాలి. వెండితోక గడ్డి గాలికి ఏరులా పారేది. దాని సందుల్లో ఊదాపూల చిక్కుడుతీగ, తెల్లగొడుగుల అడవిఉల్లి, చేదు వాసన కొట్టే మాచిపత్రి, మూడాకుల మేత, పసుపు చుక్కల బంతిజాతులు, వేళ్ల మీద లెక్కపెట్టలేనన్ని. ఒకటి వాడితే ఇంకొకటి పూసేది. ఎండ ఎక్కువైన ఏడు ఒకటి నిలిచేది, వాన ఎక్కువైన ఏడు మరొకటి. గొర్రె ఏ ఏడూ పస్తు పడుకోలేదు.

రాజులకు ఇలాంటివి నచ్చవు. వాళ్లకు అంతా ఒకే రకంగా ఉండాలి, గడ్డి అయినా, జోహారు అయినా. చంద్రప్రతాప మహారాజు కొలువుకు ఏకాంకురుడనే మాంత్రికుడు వచ్చి, మూరంత ఎత్తు పెరిగే ఒకే ఒక్క గడ్డిపోచను చూపించి, ఇది మేసిన గుర్రం గాలిని దాటుతుందని చెప్పగానే రాజ్యమంతా నాగళ్లు కట్టించాడు. ముప్పై ఒక్క రకాలూ వేళ్లతో సహా పైకి లేచాయి. మందవారి మూడువందల గుడారాలనూ ఏడువేల గొర్రెలనూ దక్షిణానికి తోలించాడు. "ఇసుకమేర అవతల ఇంతకన్నా గొప్ప పచ్చిక ఉంది, మా గురువు దివ్యదృష్టితో చూశాడు, పొండి" అన్నాడు. వెనక్కి వస్తే మగవాళ్లను సంకెళ్లు వేసి గుర్రాలకు గడ్డి కోయిస్తానని కూడా అన్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి వెనకాలే అయిదువందల ఈటెలను పంపాడు.

నలభై దినాలు నడిచారు. కడియపోడు ఓదెలు రోజూ కడియం విసిరాడు. మొదటి కనుమ దాటగానే ఇరవై రెండు. గడ్డి నడుము ఎత్తు నుంచి మోకాలికి దిగింది. తర్వాత పద్నాలుగు. గడ్డి దుబ్బులు దుబ్బులుగా విడిపోయి, నడుమ బోడినేల కనబడసాగింది. తర్వాత తొమ్మిది. పూలు పోయి ముళ్లు వచ్చాయి, ఆకులు సన్నబడి బూడిదరంగు తిరిగాయి. చివరికి ఎండురేవు దగ్గర అయిదు. అక్కడ నది పేరుకే ఉంది. అవతల ఇసుక.

ఎండురేవులో మందపెద్ద బొంతవ్వ ఓదెలును పిలిచింది. ఆమె అతని నాయనమ్మ. ఎనభై ఏళ్ల మనిషి, చేతిలో కర్ర, నోట్లో రెండు పళ్లు.

"తోలుతిత్తులల్ల నీళ్లు అయిదు దినాలకే ఉన్నయి బిడ్డా," అంది. "నువ్వు ముందుకు పొయ్యి చూసి రా. అయిదో దినం నడిపొద్దుకు పొగ లేపు. ఎన్ని రకాలుంటే అన్ని పొగలు. ఏడు లేస్తే వస్తం. లేవకుంటే తిరిగి పోయి సంకెళ్లు తొడుక్కుంటం. పిల్లలన్న బతుకుతరు."

పొగ చెప్పడం కూడా కడియపోడి పనే. మంట మీద పచ్చి ఆకులు వేసి, గొంగడి కప్పి తీస్తే ఒక ముద్దపొగ లేస్తుంది. ఒకదాని వెంట ఒకటి తడవు లేకుండా లేపాలి. పొగ ఆగిందంటే లెక్క అయిపోయినట్టు.

"ఉరుకకు," అంది బొంతవ్వ. "తొందర పెడితే గొర్రె ఈనదు. కన్నది చెప్పు, కననిది చెప్పకు. మన కడియం ఏడు తరాలల్ల ఒక్క అబద్ధమాడలే."

గుడారం ముందు ఓదెలు భార్య రాజవ్వ నిలబడి ఉంది. ఒళ్లో దారిలో పుట్టిన పది దినాల బిడ్డ, ఇంకా పేరు పెట్టలేదు. ఆమె తన తిత్తిలోంచి సగం నీళ్లు అతని తిత్తిలోకి వంపింది.

ఓదెలు ఉప్పరి వేషం వేశాడు. ముఖానికి సున్నం, తలకు చింకిపాగా. గాడిద చుక్కమ్మ మీద రెండు ఉప్పుసంచులు. మేతకడియాన్ని గాడిద పొట్ట చుట్టూ తొడిగి పైన గుడ్డ చుట్టాడు. గొంగడిని సంచుల కింద మడిచి దాచాడు. వేషం అవసరమే అని రెండోనాడే తేలింది.

ఇసుకదిబ్బ దిగేసరికి నలుగురు రౌతులు చుట్టుముట్టారు. ముందున్నవాడు దండనాయకుడు రణభేరుండుడు. పేరు విని భయపడాలని తల్లిదండ్రులు పెట్టిన పేరు. మనిషికి ముక్కు కారుతోంది.

"ఒరేయ్ ఉప్పోడా. గొంగడి కప్పుకున్న గొల్లవాడు, చేతిలో ఒక చుట్టు, ఇటు రావడం చూశావా?"

"చూసిన దొరా. గటు పడమటికి పొయిండు. మస్తు ఉరుకుతుండు."

"మనం వెతికేది వాడినే. పచ్చికలో మన గురువుగారు వాడికోసం ఎదురుచూస్తున్నారు. దారి తప్పకుండా తోలుకుపోవాలి." అంటూ రణభేరుండుడు గాడిదను ఎగాదిగా చూశాడు. "దీని నడుముకి ఆ కట్టు ఏమిటి?"

"నొప్పి దొరా. ఉప్పు మోసీ మోసీ నడుం పడిపోయింది. మా అవ్వకు గూడ గిసొంటిదే కడుతం."

రౌతులు నవ్వారు. గుర్రాలు నవ్వే స్థితిలో లేవు. డొక్కలు బయటపడి, తలలు నేలకు వేలాడుతున్నాయి. ఒకే గడ్డికి అలవాటుపడ్డ నోళ్లు. తెచ్చిన మోపులు అయిపోయాయి. పక్కనే పల్లేరు పాకి ఉంది, రెండు జిల్లేళ్లున్నాయి, ముళ్లతుప్ప ఒకటుంది. ఏదీ తిండి అని వాటికి తెలియదు. చుక్కమ్మ మాత్రం ముళ్లతుప్పను పెదవి పైకెత్తి, కొమ్మకొమ్మగా ఏరుకుని నములుతోంది. ఓదెలుకు గుర్రాల మీద జాలి కలిగింది. రాజు తప్పుకు గుర్రం ఏం చేస్తుంది? వెళ్తూ వెళ్తూ ఒక గుర్రం నోటికి గుప్పెడు ఉప్పు అందించాడు. అది అతని అరచెయ్యి నాకి, కాసేపు వదల్లేదు.

మూడోనాడు కడియంలో రెండు. మళ్లీ విసిరితే ఒకటి. మధ్యాహ్నానికి ఏమీ లేదు. చుట్టు లోపల ఇసుక, ఒక చీమ. దిబ్బ దాటి విసిరాడు. చీమ కూడా లేదు.

నాలుగోనాడు పొద్దు పొడిచేసరికి దూరంగా పచ్చగా కనబడింది. ఎండమావి అనుకున్నాడు. దగ్గరికి పోయినా మాయం కాలేదు. మోకాలెత్తు గడ్డి, పోచపోచకీ మంచుబొట్టు, నడుమ వెండిపళ్లెంలా చెరువు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మరకతపు తివాచీ పరిచినట్టు ఒకే ఎత్తున, ఒకే రంగున నిగనిగలాడుతోంది. ఓదెలు ఏడ్చాడు. ఏడుస్తూనే పొగకి పుల్లలు ఏరబోయాడు.

"రావయ్యా రా, బిడ్డా," అంటూ ఒక ముసలి గొల్ల ఎదురువచ్చాడు. కొత్త గొంగడి, తెల్లగడ్డం, చల్లటి నవ్వు. "నీ రాకకై కన్నులు కాయలు కాచునట్లు నిరీక్షించితిని. ముప్పది పొగలు లేపుము. నీ జనులు సుఖింతురు."

"లేపుత పెద్దయ్యా. కడియం ఏసి లేపుత."

"కడియమెందులకు? కనుల ముందున్నది కానవా?"

"కానొస్తంది. గని ఎయ్యాలె. ఆచారం."

వెనక్కి తిరిగి విసిరాడు. లెక్కపెట్టాడు. ఒకటి. తప్పు చూశానేమో అని మళ్లీ పోచలు పాయలు తీశాడు. ఒక్కటే. వంద అడుగులు పోయి విసిరాడు. ఒకటి. చెరువుగట్టున విసిరాడు. తడినేల, అక్కడైనా తుంగ ఉండాలి. ఒకటి. అప్పుడు పోచలను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ప్రతి పోచకీ కొసనుంచి మూడు వేళ్ల కింద, ఎడమ అంచున, మిడత కొరికిన చిన్న గాటు. పక్కదానికీ అదే గాటు. ఆ పక్కదానికీ. గట్టెక్కిన చుక్కమ్మ గడ్డిని వాసన చూసి, ముఖం తిప్పుకుని, తుమ్మింది.

ఓదెలు మెల్లగా లేచి ముసలాయన గొంగడి వైపు చూశాడు. గొర్రెల వెనక తిరిగినవాడి గొంగడికి పల్లేరుకాయలు, జొన్నముళ్లు, సవాలక్ష గింజలు అంటుకుని ఉంటాయి. దీనికి ఒక్క గింజ లేదు.

"పెద్దయ్యా, మీ గొర్లు ఏడున్నయి?"

"మేయుచున్నవి, అల్లదిగో."

"మరి గీ గాటు లేని పోచ ఒక్కటి తెంపియ్యి నాకు. ఒక్కటంటే ఒక్కటి."

ముసలాయన నవ్వు ఆగింది. గొంగడి జారి కింద పడేసరికి లోపల ఎర్రపట్టు, మెడలో ఎముకల దండ. ఏకాంకురుడు మూరెడు ఎత్తు పెరిగాడు.

"మూఢుడా. నీ జనులిచట సమాధి కావలెను. ముప్పది యొక్క పేర్లనెరిగిన నోరొక్కటి మిగిలినను నా గడ్డిని గడ్డి యనరు, దరిద్రమందురు."

అతను చెయ్యెత్తగానే గడ్డి పాముల్లా లేచి ఓదెలు కాళ్లను చుట్టుకుంది. నడుము దాకా వచ్చింది. మెడ దాకా వచ్చింది. ఊపిరి అందడం లేదు. అంత అవస్థలోనూ ఓదెలు మెదడులో ఒక మాట మెదిలింది. మందలో అన్నీ ఒకే తల్లి పిల్లలయితే ఒకదానికి గాలికుంటు రోగం తగిలితే అన్నీ పోతాయి. ఇక్కడ ఉన్నది కోటి పోచలు కాదు. ఒకే పోచ. ఇంకా చిక్కుకోని చేతులతో నడుము సంచిలోంచి చెకుముకి తీసి, ముక్కుకి దగ్గరగా ఉన్న ఒక్క పోచ కొసకు నిప్పు అంటించాడు.

పచ్చిక మొత్తం ఒక్క రెప్పపాటులో భగ్గుమంది. మంట పాకలేదు, ఒక్కసారిగా అంతటా లేచింది, ఒక్కసారిగా అంతటా ఆరింది. చెరువు లేదు, మంచు లేదు. ఇసుక మీద వేలెడు బూడిద. ఏకాంకురుడు సగం గడ్డం కాలి, బొబ్బలెత్తిన చేతులతో కేకలు వేస్తూ వాయవ్యదిక్కుకు, రౌతులు పోయిన జాడ పట్టుకుని పరుగెత్తాడు.

"యెవుర్రా నా యిసకలో మంట పెట్టింది?"

దిబ్బ మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. నల్లటి ముఖం, చంకలో తట్ట, చేతిలో చీమలపుట్ట తవ్వే గునపం. పేరు జమ్మక్క. ఇసుకమేరలో పుట్టి పెరిగిన మనిషి. చీమలు దాచుకున్న గింజల్లో సగం తీసుకుని సగం వాటికే వదిలి బతుకుతుంది. ఓదెలు కాలిన చేతులు చూసి ఆమె కోపం మరిచింది. జమ్మిచెట్టు మొదట్లో పాతిన కుండలోంచి దోసెడు నీళ్లు పోసింది. తర్వాత గాడిదకు. తర్వాత కుండ కదిపి చూసుకుని, తను తాగలేదు.

ఓదెలు అంతా చెప్పాడు. "రేపు నడిపొద్దుకు పొగ లెయ్యాలె అక్కా. కడియంల ఏం పడుతలేదు. సున్నకు పొగ ఉండదు. మావోళ్లు సంకెళ్లకు పోతరు."

"యాదీ, ఆ కడియం చూపీ." జమ్మక్క దాన్ని అటూ ఇటూ తిప్పి, మెడలో వేసుకుని, తీసి ఇచ్చింది. "బాగుండాది. కానీ అబ్బీ, ఇది మీ దేశం కొలత. మీ తావున నీళ్లు పైన్నే ఉంటాయి, కాబట్టి మొక్కలు ఒకదాని ఒళ్లో ఒకటి కూచుంటాయి. ఈడ ఒక్కో మొక్కకీ నీళ్లు కావాలంటే శానా మేర యేళ్లు పారాల. పక్కన ఇంకోటి మొలిస్తే రెండూ సస్తాయి. అందుకే ఎడంగా ఉంటాయి. నువ్వు గొర్రె పండుకునేంత గుండ్రం యేస్తే యేం పడతాది, నా తలకాయ? నాతో రా. నేను పొద్దున్నుంచి మాపుదాకా నడిచేంత గుండ్రం చూపిస్తా."

ఆ సాయంత్రమూ మరునాటి పొద్దున్నా జమ్మక్క ఎరిగిన అడ్డదారిన ఉత్తరానికి నడిచారు. రెండు దిబ్బలకొక మొక్క. అయితే రెండోది మొదటి దానిలాంటిది కాదు. ఒకటి ఆకులు రాల్చుకుని కట్టెలా నిలబడింది. ఒకటి కాడల్లో నీళ్లు దాచుకుంది. ఒకటి ఉప్పు తాగి ఉప్పు చెమరుస్తోంది. జమ్మక్క పేరుపేరునా పలకరించింది, చుట్టాలింటికి పోయినట్టు. పదిహేడు. ఇసుక కింద నిద్రపోతున్న గింజల్ని కలపకుండా పదిహేడు. వాటి నడుమ ఒక పొడివాగు, మూరెడు తవ్వితే తడి.

"మంద అంతా ఒకేతూరి వస్తే మూడు దినాల్లో నాకేస్తాయి," అంది. "మొక్కలెట్లా ఉండాయో అట్లనే రావాల. ఇరవై గొర్రెలు ఈడ, ఇరవై ఆడ. ఎడంగా. అప్పుడు చలికాలం గడిచిపోతాది."

"ఎడంగ రమ్మని పొగల ఎట్ల చెప్పుదు అక్కా? గా మాటకు పొగ లేదు."

జమ్మక్క గునపం భుజాన వేసుకుని వాగు వెంట దారి తీసింది.

అయిదోనాడు నడిపొద్దు. పొడివాగు మొదట్లో ఏనుగుకుంభంలాంటి బండ. చుక్కమ్మతో సహా పైకెక్కితే ఉత్తరాన ఎండురేవు, చీమల్లా గుడారాలు. ఓదెలు మంట వేసి, దారిలో కోసిన ఉప్పు చెమర్చే ఉప్పాకు పరిచాడు. చేతిలో గొంగడి పట్టుకుని నిలబడిపోయాడు. కడియం సున్న అంది. కన్నది చెప్పు అంది బొంతవ్వ. కన్నాడు, కళ్లారా కన్నాడు, కాళ్లారా తిరిగాడు. కడియం అబద్ధమాడలేదు. దానికి తెలిసింది అంతే.

బండ కింద ఇసుక రేగింది. రణభేరుండుడు, ముగ్గురు రౌతులు. గుర్రాలు ఇక కదలకపోతే వదిలేసి కాలినడకన వస్తున్నారు. వెనకాల సగం గడ్డం మాంత్రికుడు. "ఆ పొగ నాపుడు, ఆపుడు, ఆ జనులు బ్రతికిపోవుదురు," అని అరుస్తున్నాడు.

"పేర్లు చెప్పు అక్కా," అన్నాడు ఓదెలు. "ఒకటి చెప్పి, నూరు అడుగులు నడిచినంత సేపు ఆగు. అప్పుడు ఇంకోటి."

"అంతసేపా? వాళ్లు ఎక్కేస్తారు గదరా. పైగా ఆగితే లెక్క అయిపోయినట్టని నువ్వే అంటివే."

"అన్న. గని మొక్కలెంత ఎడముంటే పొగలంత ఎడముండాలె. మా అవ్వ ఓపిక నాకెరుక."

జమ్మక్క అతని ముఖం చూసి గునపం చేతికి తీసుకుని, బండ అంచున కూర్చుంది.

"జమ్మి."

పొగ లేచింది. ఆగాడు. లోపల పసిబిడ్డ ఏడుపు వినబడుతున్నట్టే ఉంది. వంద దాకా లెక్కపెట్టాడు.

"పల్లేరు."

రెండో పొగ. ఆగాడు. ఎండురేవులో గుడారాలు కదిలాయి. కొన్ని కూలాయి. మూడుకి తగ్గితే వెనక్కి. కొందరు అప్పుడే ఉత్తరానికి మళ్లుతున్నారు. ఓదెలు పళ్లు బిగించి, మిగిలిన నలభై అడుగులూ లెక్కపెట్టాడు.

"చేదుపుచ్చ." మూడు. మొదటి రౌతు సగం బండ ఎక్కాడు. జమ్మక్క గునపంతో ఒక రాయిని దొర్లించింది. రాయీ రౌతూ కలిసి దిగారు.

"జిల్లేడు." నాలుగు. "ఉప్పాకు." అయిదు. గొంగడి అంచుకు నిప్పంటుకుంది. చేత్తోనే నలిపి ఆర్పాడు.

"బొంతజెముడు." ఆరు. కింద ఏకాంకురుడు మంత్రం చదువుతున్నాడు. బండ నెర్రెల్లోంచి ఒకే పోలిక పోచలు, అదే గాటుతో, ఓదెలు వేళ్లమధ్యకు పాకుతున్నాయి. చుక్కమ్మ వాటిని చూసి ఈసారి ముఖం తిప్పుకోలేదు. పళ్లతో పీకి పక్కన ఉమ్మేయసాగింది.

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. వంద.

"నల్లేరు," అంది జమ్మక్క.

ఏడో పొగ ఆకాశంలోకి లేచి, ఎవరి తొందరా లేనట్టు విచ్చుకుంది. ఓదెలు కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టి ఉత్తరానికి చూశాడు. ఎండురేవు దగ్గర దుమ్ము లేస్తోంది. మంద కదిలితే ఒకటే దుమ్ముమబ్బు లేవాలి, ఏడువేల గొర్రెల మబ్బు. అలా లేవలేదు. ఒక సన్నటి పాయ లేచింది. దానికి చాలా దూరంగా ఇంకొకటి. ఇంకా దూరంగా ఇంకొకటి. ఇసుక అంచు పొడుగునా, ఎడంగా ఎడంగా, దక్షిణం వైపు తిరిగి.

"ముసిల్దానికి తెలిసిపోయింది," అంది జమ్మక్క నెమ్మదిగా.

ఆ మూడువందల పాయల్లో రాజవ్వది ఏదో ఈ దూరానికి తెలియదు. రణభేరుండుడి చెయ్యి బండ అంచు మీదికి వచ్చి ఓదెలు చీలమండను పట్టింది. బలంగా గుంజింది. ఓదెలు కిందికి చూడలేదు. కాలిన గొంగడిని మళ్లీ మంట మీద కప్పి, వంద లెక్క మొదలుపెట్టాడు.

"అక్కా," అన్నాడు, "ఎనిమిదోది చెప్పు."